కుచ్చిళ్ళు

1955 ఏప్రిల్ పంతొమ్మిది, మంగళవారం, ఉదయం ఆరుంబావు. పత్తికొండ ట్రావెలర్స్ బంగళా వెనక గాలి పూర్తిగా స్తంభించి ఉంది. ఆకాశం బూడిదరంగులో ఉంది. ముందురోజు ఎండ బావిగట్టు రాళ్ళలో ఇంకా మిగిలే ఉంది. నేను నీళ్ళు తోడుతున్నాను. వంగడానికి వీలుగా చీర అంచును కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపి, కొంగును నడుం చుట్టూ బిగించి ముడివేశాను. కష్టం చేసుకునే ఆడవాళ్ళు మా వైపు ఇట్లాగే కట్టుకునేవారు. దాన్ని గోచి కట్టు అంటారు.

"ఏమే, ఎవురింటి కూలిదానివి నువ్వు? దించు ఆ గోచి," అన్నాడు నా భర్త దేవదానం, వెనక వరండా మీద నిలబడి.

బొక్కెన బావి మధ్యలో ఉంది. తాడు వదిలితే బొక్కెన నీళ్ళలో పడుతుంది, అది నా తప్పు. తాడు పట్టుకుంటే గోచి అలాగే ఉంటుంది, అదీ నా తప్పే. నేను ముందు బొక్కెనను పైకి లాగాను. ఆ ఆలస్యానికి ఆయన మెట్లు దిగి వచ్చి, తడితాడు కొసతో నా పిక్కల మీద కొట్టాడు. తరువాత నేను గోచి తీసి, కుచ్చిళ్ళు పోసుకుని, ఆయన స్నానానికి నీళ్ళు మోశాను.

ఇక్కడినుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ మధ్యాహ్నం మిల్లులో జరిగినదానికి యంత్రమే కారణమని తరువాత చాలామంది అన్నారు. యంత్రం కారణం కాదు. కారణాన్ని వెతుక్కుంటూ వెనక్కి పోతే, అది ఈ బావిగట్టు దగ్గర నిలబడి ఉంటుంది.

దేవదానం తల్లి ఓబులమ్మ నంద్యాల దగ్గరి పల్లెలో ఆసాముల చేలల్లో పనిచేసి పిల్లల్ని పెంచింది. ఆయన మిషన్ బడిలో చదువుకున్నాడు. ఆ బడి దొరసాని బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్ళ చేత గోచి విప్పించి, కుచ్చిళ్ళు పోసి, భుజం నిండా కొంగు కప్పుకోవడం నేర్పేది. మా అత్త మొదటిసారి కుచ్చిళ్ళతో గుడికి పోయిన ఆదివారం తమ కుటుంబం మనుషుల్లో కలిసిందని దేవదానం నమ్మేవాడు. ఆయనకు కుచ్చిళ్ళంటే ఒక రుజువు. గోచి కనబడితే, తల్లి ఆసామి కళ్ళంలో వంగి నిలబడిన దృశ్యం ఆయన కళ్ళముందుకు వచ్చేది, ఒళ్ళు మండిపోయేది. ఆ సిగ్గు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తాడు దెబ్బ తగ్గదు.

నేను మద్రాసులో గణితం ఎం.ఏ. మొదటి తరగతిలో ప్యాసయ్యాను. కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, ఆఫీసులు ఇంకా డేరాల్లో నడుస్తున్నప్పుడు, గణాంక శాఖలో చిన్న ఉద్యోగం దొరికింది. ఊళ్ళనుంచి వచ్చిన అంకెలను కూడి పట్టికలు వెయ్యడం నా పని. దేవదానం అదే ఆఫీసులో ఊళ్ళు తిరిగి వివరాలు సేకరించే ఇన్వెస్టిగేటరు. ఆయన తెచ్చే వివరాలు సగం సిగరెట్ పెట్టె అట్టల మీద ఉండేవి, సగం జ్ఞాపకంలో ఉండేవి. వాటిని ఇంట్లో, పొయ్యి ఆర్పిన తరువాత, నేనే రిపోర్టుగా రాసేదాన్ని. కింద సంతకం ఆయనది. మర్నాడు డేరాలో అదే రిపోర్టు ఎవరిదో తెలియనట్టు నా బల్ల మీదికి వచ్చేది, నేను దానిలో తప్పులు వెతికేదాన్ని. గీతలు గీసుకోవడానికి మా ఇంట్లో నల్లటి గుండ్రటి రూళ్ళకర్ర ఒకటి ఉండేది. ఆ కర్రతో నేను ఆయన కాగితాలకు గళ్ళు గీసేదాన్ని, అదే కర్రతో ఆయన నన్ను కొట్టేవాడు. వీపు మీద, భుజాల కింద, జాకెట్టు కప్పే చోట మాత్రమే కొట్టేవాడు. వంటింట్లో మా అత్త అప్పుడు గొంతెత్తి కీర్తన పాడేది.

ఆ ఏడు మా ఆఫీసుకు కొత్త రకం సర్వే వచ్చింది. ఎన్ని మిల్లులు, ఎంతమంది కూలీలు అని అడిగే పాత సర్వే కాదది. ఈ అయిదేళ్ళలో ఏ కొత్త యంత్రం తెచ్చారు, ఏ కొత్త పద్ధతి మొదలుపెట్టారు, అది ఎవరి ఆలోచన, దానివల్ల ఉత్పత్తి ఎంత పెరిగింది, పనివాళ్ళలో ఏం మార్పు వచ్చింది? ఇవీ ప్రశ్నలు. ఉత్పత్తి పెరిగితే చాలు, ఏ మార్పునైనా కొత్త పద్ధతి అని రాసుకొమ్మన్నారు. ఆ మార్పు ఎవరినైనా గాయపరుస్తుందా అనే ప్రశ్న కూడా ఉండాలి కదా అని నేను సూపరింటెండెంటును అడిగాను. ఆయన నా తలమీదుగా చూస్తూ, "దేవదానం, కూరలో ఉప్పెక్కువైనా మీ ఆవిడ ఇట్లాగే ప్రశ్నలు వేస్తుందా?" అన్నాడు. డేరా అంతా నవ్వింది. దేవదానం అందరికంటే పెద్దగా నవ్వాడు. ఇంటికి వచ్చాక రూళ్ళకర్ర తీశాడు.

ఆ సర్వే మీదే పత్తికొండ వచ్చాం. నేను సెలవు పెట్టి వచ్చాను, ఆయనకు వండిపెట్టడానికి, ఆయన చెప్పింది రాసిపెట్టడానికి.

సోమవారం సాయంత్రం, అంటే ఆ బావి దగ్గరి ఉదయానికి ముందురోజు, వేరుశనగ మిల్లు యజమాని మద్దిలేటయ్య బంగళాకు వచ్చాడు. మిల్లులో ఆయిలింజను ఉంది. దానినుంచి పొడవాటి తోలు బెల్టు కాయలు ఒలిచే మిషన్ను తిప్పుతుంది. బెల్టుకు అడ్డంగా మొదట్లో చెక్కల దడి ఉండేది. దాన్ని తీసేశానని ఆయన గర్వంగా చెప్పాడు.

"చెక్కలు పీకేసినా సార్. ఇప్పుడు రెండు పక్కలా ఆడోళ్ళు గంపలు పోస్తాండారు. ముందు కంటే శానా కాయ పడతాండాది."

"ఎవరి ఆలోచనప్పా ఇది?"

"నాదే సార్. ఇంకెవురిది?"

దేవదానం ముఖం వెలిగింది. మర్నాడు ఢిల్లీ నుంచి పై అధికారి వస్తున్నాడు. పరాయి దేశపు మిషన్ కాక, ఊరివాడే కనిపెట్టిన పద్ధతి ఒకటి ఆయనకు చూపించవచ్చు. "ఒకటే లోటుండాది," అన్నాడు. "ఆ దొర ఫోటో తీస్తాడు. నీ ఆడోళ్ళు తొడలు కనపడేటట్టు ఆ గోచులేంది? అది మిల్లా, కళ్ళమా? అందరినీ కుచ్చిళ్ళు పోసి, నిండుగా కొంగు కప్పుకొమ్మను. మార్పంటే కంటికి కనపడాల."

"దానికేం సార్, మా బావమరిది బట్టలంగడి ఉండాది. తలా ఒక కొత్త చీర ఇప్పిస్తా."

నేను మజ్జిగ గ్లాసులు పెడుతున్నాను. "బెల్టు పక్కన కుచ్చిళ్ళు వద్దండీ," అన్నాను. "దడి కూడా లేదంటున్నారు. బట్ట వదులుగా ఉంటే బెల్టు పట్టుకుంటుంది."

మద్దిలేటయ్య నావైపు చూడలేదు. "అమ్మగారు ఇంజనీరా సార్?" అని నా భర్తను అడిగాడు.

"యాడిది లేప్పా. మజ్జిగ బాగా చేస్తాది."

ఇద్దరూ నవ్వారు. ఆయన బండి గేటు దాటిన తరువాత దేవదానం పెట్టె తెరిచి రూళ్ళకర్ర తీశాడు. "నలుగురిలో నాకు చెప్తావా? నాకు?" ప్రతి మాటకూ ఒక దెబ్బ. మిల్లులో కూలి ఆడవాళ్ళ బట్టల సంగతి తేలిపోయింది కనక, తెల్లవారి బావి దగ్గర నా గోచి ఆయనకు తిరుగుబాటుగా కనిపించి ఉంటుంది. ఆ ఉదయపు తాడు దెబ్బకు ఇదీ కారణం.

మంగళవారం మధ్యాహ్నం ఢిల్లీ అధికారితో కలిసి మిల్లుకు పోయాం. దేవదానం ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే నేను అంకెలు రాసుకోవాలి. ఇంజను మోతకు రేకులు అదురుతున్నాయి. గాలిలో ఎర్రటి వేరుశనగ పొట్టు ఎగురుతోంది. గంపలతో నిలబడ్డ ఆడవాళ్ళందరూ గంజి విడవని కొత్త చీరల్లో ఉన్నారు, నడక రానట్టు అడుగులు వేస్తున్నారు. ముందున్న ఆమె పేరు సుంకులమ్మ. నా వయసే ఉంటుంది. ఇంజను మోతను కూడా దాటే గొంతు ఆమెది.

"అమ్మా, నువ్వు దినామూ ఈ కుచ్చిళ్ళతోనే నడుస్తాండావా? నాకైతే ముందుకాళ్ళు కట్టేసిన గాడిదమాదిరి ఉండాది."

"ఫోటో తీసేదంకా ఓర్చుకోవే," అంది పక్కనున్న ముసలామె. "నీ పెండ్లిలో కూడా ఇట్లాంటి చీర కట్టలేదు నువ్వు."

"పెండ్లిలో మొగుణ్ణి ఇచ్చిరి. చీర యాడ ఇచ్చిరి?"

ఆడవాళ్ళు గంపలు కదిలిపోయేట్టు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె దగ్గరికి పోయి, "గోచి పెట్టుకో. అడిగితే నేను చెప్పానని చెప్పు," అన్నాను. ఆమె నవ్వు ఆపి నా ముఖంలోకి చూసింది. "నువ్వు సాయంత్రం పోతావు తల్లీ. రేపు పనికి రావద్దంటే నేను యాడికి పోవాల?"

ఢిల్లీ అధికారి కెమెరా కన్నుకు ఆనించి, చేత్తో సైగ చేశాడు. బెల్టూ ఆడవాళ్ళూ కలిసి ఫోటోలో పడాలి. దేవదానం తెలుగులో కేకవేశాడు: "ఇంకా దగ్గరికి జరగండి! ఇంకా!"

సుంకులమ్మ నిండు గంప నెత్తిన పెట్టుకుని పక్కకు అడుగు వేసింది. కుచ్చిళ్ళు కాలికింద పడ్డాయి. తూలింది. గంప జారింది. బెల్టు మొదట కొంగును పట్టుకుంది. కొంగు భుజాన్ని లాగింది. పట్టు కోసం చాచిన కుడిచెయ్యి చక్రానికీ బెల్టుకూ మధ్యకు పోయింది. పచ్చికట్టె విరిచినట్టు చప్పుడైంది. తరువాత ఆమె అరుపు. అంత పెద్ద ఇంజను చప్పుడు కూడా దాని కింద అణిగిపోయింది.

నేను పరుగెత్తాను. పరుగులోనే నా చేతులు వాటంతట అవే నా కుచ్చిళ్ళను కాళ్ళ మధ్యనుంచి లాగి వెనక దోపాయి. అలా దోపకపోతే ఆ చక్రం దగ్గరికి చేరేదాన్ని కాదు. ఆమె నడుమును పట్టుకుని వెనక్కి లాగాను. బెల్టు అటు లాగుతోంది, నేను ఇటు లాగుతున్నాను. ఇంజను చూసే ఓబన్న గొడ్డలితో వచ్చాడు. "బెల్టు నరకొద్దురా! కొత్త బెల్టురా అది!" అని మద్దిలేటయ్య అరుస్తూ ఉన్నాడు. ఓబన్న నరికాడు. తెగిన తోలు పాములా ఎగిరి గోడను కొట్టింది. సుంకులమ్మ నా మీద పడింది. ఆమె మోచేతి కింద ఏమీ లేదు. పోసిన కాయల మీద నెత్తురు చిమ్మి, పొట్టు ముద్దలు కట్టింది. అధికారి ఒక మూల వాంతి చేసుకుంటున్నాడు. దేవదానం కదలకుండా నిలబడి నన్నే చూస్తున్నాడు. నా మోకాళ్ళదాకా కనబడుతున్న కాళ్ళను చూస్తున్నాడు.

నా పైటచెంగు చింపి ఆమె దండచెయ్యి బిగించి కట్టాను. అధికారి జీపులో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిపొడవునా ఆమె తల నా ఒడిలో ఉంది. దేవనకొండ దాటాక కళ్ళు తెరిచింది. "నా చెయ్యి యాడ?" అంది. ముసలామె దాన్ని కొత్త చీరలో చుట్టి జీపు వెనక పెట్టింది.

దేవదానం రెండు రోజుల తరువాత ఇంటికి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని, మిల్లులో ఒక కూలిది నిర్లక్ష్యంగా బెల్టు మీద పడిందని తల్లికి చెప్పాడు. మా అత్త చారు వడ్డిస్తున్న గరిటె ఆపి, వెంటనే అడిగింది:

"గోచి పెట్టుకోలేదా ఆ పిల్ల?"

చీరల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు కళ్ళాల్లో వంగి పనిచేసిన ఒళ్ళు అడిగిన ప్రశ్న అది. దేవదానం కంచాన్ని గోడకేసి కొట్టి లేచాడు, తల్లి చెంప మీద కొట్టాడు. ఆయన ఆమెను కొట్టడం నేను చూసింది అదే మొదలు. ఆమె కిందపడలేదు. చెంప పట్టుకోలేదు. గరిటెను తిరిగి చారుగిన్నెలో పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కీర్తన వినబడలేదు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణ పెట్టాడు. తేల్చవలసింది ఒకటే. వద్దని చెప్పినా వినకుండా సుంకులమ్మే వదులు బట్టతో బెల్టు దగ్గరికి పోయి ఉంటే, మిల్లుకు ఆమెతో సంబంధం లేదు. ఆమె జన్మంతా ఒంటిచేత్తో, తన తప్పువల్ల చెయ్యి పోగొట్టుకున్న ఆడదిగా బతకాలి. పొమ్మన్నారు కనక పోయింది, కట్టుకొమ్మన్నారు కనక కట్టుకుంది అని రుజువైతే, బాధ్యత చెప్పినవాళ్ళది. మద్దిలేటయ్య తన మాట ముందే రాసి ఇచ్చాడు. మిల్లు ఆడవాళ్ళు నోరు విప్పలేదు, వాళ్ళకు మర్నాడు పని కావాలి. ఓబన్నను అప్పటికే పనిలోంచి తీసేశారు, ఊళ్ళో లేడు. అధికారి ఢిల్లీకి వెళ్ళిపోయాడు. మిగిలింది మేమిద్దరం. విచారణ ముందురోజు సాయంత్రం దేవదానం నా ముందు కాగితం పెట్టాడు.

"నీ పేరుతోనే రాయి. 'కొత్త చీర కట్టుకోవాలని ఆమే ముచ్చటపడింది. బెల్టు దగ్గరికి పోవద్దని మేము హెచ్చరించాం.' రాయి."

నేను కలం మూత పెట్టాను.

"రాయవా?"

"రాయను."

"నా ఉద్యోగం పోతాది. నువ్వు తినే కూడు పోతాది."

"నేను తినే కూడు నేనే వండుతున్నాను. నా జీతంతోనే వండుతున్నాను."

ఆయన నా కుడిచేతి మణికట్టును బల్లకు అదిమిపెట్టి, రూళ్ళకర్రతో వేళ్ళ మీద కొట్టాడు. జాకెట్టు కప్పని చోట కొట్టడం అదే మొదటిసారి. అంటే, దాచుకోవలసిన అవసరం ఆయనకు అయిపోయింది. లేదా, రాయని చెయ్యి ఎందుకనుకున్నాడు. చూపుడువేలూ, మధ్యవేలూ, బొటనవేలూ పగిలాయి. చప్పుడు నాకు తెలుసు. మిల్లులో విన్నదే, చిన్నగా.

తెల్లవారేసరికి చెయ్యి మోచేతిదాకా వాచింది. ఆయన ముందే విచారణ జరిగే ఆసుపత్రికి పోయాడు, ఆ చేతితో నేను రానని ఆయన నమ్మకం. నేను పెట్టెలోంచి చీర తీశాను. ఎడంచేత్తో కట్టుకోవడం కుదరలేదు. మా అత్త వచ్చి నా చేతిలోంచి చీర తీసుకుంది. కుచ్చిళ్ళు పోయబోయింది.

"అత్తా, కుచ్చిళ్ళు వద్దు," అన్నాను.

ఆమె ఆగింది. "వాడు చంపుతాడు పిల్లా."

"తెలుసు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. అంచు కాళ్ళ మధ్యగా తీసి, వెనక్కి లాగి, నడుములో దోపింది. ఆ చేతులు ఇరవయ్యేళ్ళుగా ఆ పని చెయ్యలేదు, కానీ ఒక్కచోట కూడా తడుముకోలేదు. చివరికి కొంగు నడుం చుట్టూ బిగించి ముడివేసి, ముడిని రెండుసార్లు లాగి చూసింది. "ఇది ఊడదు. పో," అంది.

కర్నూలు బజారులో నేను అట్లా నడిచిపోతుంటే, టీ అంగడి ముందు మా సూపరింటెండెంటు గ్లాసు పట్టుకుని నిలబడి చూశాడు. నేను నమస్కారం పెట్టలేదు. చెయ్యి లేవలేదు.

విచారణ ఆసుపత్రి వరండాలో జరిగింది. సుంకులమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. దేవదానం తన మాట చెప్పి, రుమాలుతో చెమట తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. "సార్, ఆమెకు ఒంట్లో బాగాలేదు, మతి సరిగా లేదు," అన్నాడు. "చూడండి ఆ కట్టు!"

"ఆ కట్టు గురించే చెప్పడానికి వచ్చాను," అన్నాను.

సోమవారం సాయంత్రం బంగళాలో ఎవరు ఏమన్నారో వరుసగా చెప్పాను. దడి ఎందుకు తీశారో, కుచ్చిళ్ళు ఎవరు పోయించమన్నారో, చీరలు ఎవరు ఇప్పించారో, ఫోటో కోసం దగ్గరికి జరగమని ఎవరు కేకవేశారో చెప్పాను. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"ఆ కేక వేసినాయన మీ భర్తే కదమ్మా?"

"అవును."

సుంకులమ్మ మొదటిసారి తలెత్తింది. "జరగమంటేనే జరిగినా సార్," అంది. "గాడిదకు కూడా తెలుసు బెల్టు కొరుకుతాదని. జరగమంటేనే జరిగినా."

గుమాస్తా ఇద్దరి మాటలూ రాసి చదివి వినిపించాడు. సిరాదిమ్మ ముందుకు తోస్తూ, "నువ్వు వేలిముద్ర వెయ్యమ్మా. ఆడవాళ్ళది కుడిచేతి బొటనవేలు," అని యథాలాపంగా సుంకులమ్మతో అన్నాడు. తరువాత ఆమె భుజం కింద చూసి నాలుక కరుచుకున్నాడు. ఆమె ఎడమ బొటనవేలు వేసింది. కలం నావైపు చాపాడు. నేను తీసుకోకపోయేసరికి, "మీరు ఎం.ఏ. అని రాసుకున్నామే," అన్నాడు.

పైట కింద దాచుకున్న కుడిచేతిని తీసి బల్ల మీద పెట్టాను. ఇన్‌స్పెక్టరు ఆ వేళ్ళను చూశాడు. తరువాత దేవదానాన్ని చూశాడు. నేను ఎడమ బొటనవేలిని సిరాదిమ్మ మీద అదిమి, సుంకులమ్మ ముద్ర పక్కన వేశాను.

ఆ సాయంత్రం ఇంటికి పోలేదు. ఆసుపత్రి క్రైస్తవ నర్సులు వాళ్ళ క్వార్టర్సులో చోటు ఇచ్చారు. మూడో రోజు మా అత్త బట్టల మూట చంకన పెట్టుకుని అక్కడికి వచ్చింది. నేను ఎడంచేత్తో ఆ మూట అందుకున్నాను.

విచారణలో తప్పు మిల్లుదని తేలింది. దడి మళ్ళీ కట్టారు. సర్వే నివేదిక రెండేళ్ళకు అచ్చయింది. పత్తికొండ మిల్లు పద్ధతి, ఉత్పత్తి పెరుగుదల అంకెతో సహా, స్థానికంగా కనిపెట్టిన మెరుగుదలల కింద అందులో ఉంది. ఆ ఫోటో మాత్రం వెయ్యలేదు.

మా అత్త ఓబులమ్మ 1964 ఫిబ్రవరిలో నా ఇంట్లో చనిపోయింది. ఆమె కోరిన ప్రకారం గోచి కట్టు కట్టి సమాధి చేశాం. కట్టింది సుంకులమ్మ, ఒంటిచేత్తో. ముడి పట్టుకున్నది నేను.